ఎవరు తెచ్చారు? కాదు... ఏ దారిన వచ్చింది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు పాత జ్ఞాపకాలు నాలుగు రాసి పంపుదామనుకున్నాను. కానీ ఎం.ఎస్సీ. జువాలజీలో ఈ ఏడాది నేను ఎక్కువగా చదివింది గబ్బిలాల నుంచి మనుషులకు వచ్చే వైరస్‌ల గురించి. చదువుతున్నకొద్దీ ఆ పుస్తకాల్లో మన బతుకే కనిపించింది. అందుకే జ్ఞాపకాన్నీ చదువునూ కలిపి ఒక్క మాట చెప్పదలుచుకున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే. తప్పుగా చెబితే పెద్దలు సరిదిద్దాలి.

పెనుబల్లి రాకముందు నేను వేరే ఊరి హాస్టల్‌లో ఉండి ఏడో తరగతి చదివాను. ఆ చలికాలం గజ్జి లేచింది. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ పొక్కులు. రాత్రయితే దురదకు నిద్ర ఉండేది కాదు. బడిలో ఒక సారు "హాస్టలోళ్లంతా వెనక్కి పోయి కూచోండిరా, మీ వల్ల అందరికీ అంటుతది" అన్నారు. పోయి కూచున్నాం. సారును అని ఏం లాభం? మేమూ తక్కువ చేయలేదు. సెలవులకు ఇంటికి పోయి వచ్చిన ఒక పిల్లవాణ్ని పట్టుకుని "నువ్వే తెచ్చావ్" అని తేల్చేశాం. వాడి కంచం వేరు చేశాం, చాప వేరు చేశాం. నాలుగు రోజులు వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. గజ్జి మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

తర్వాత ఒక నర్సమ్మ వచ్చింది. ఎవరు తెచ్చారని ఆమె అడగలేదు. "ఎవరి పక్కన ఎవరు పడుకుంటున్నారు? ఎవరి తువ్వాలు ఎవరు వాడుతున్నారు? దుప్పట్లు ఎన్ని ఉన్నాయి?" అని అడిగి కాగితం మీద రాసుకుంది. ముగ్గురికి ఒక దుప్పటి. గదికంతా రెండు తువ్వాళ్లు. సంగతి అక్కడ దొరికింది. దురద ఉన్నవాడికీ లేనివాడికీ అందరికీ ఒకే రోజు మెడ నుంచి అరికాలి దాకా మందు పూయించింది. బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉడికించి ఎండలో వేయించింది. వారం తర్వాత మళ్లీ అదే పని చేయించింది. నెల తిరక్కుండా గజ్జి పోయింది.

ఆమె చేసిన పనిని ఎపిడెమియాలజీ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలుగులో రోగవ్యాప్తి శాస్త్రం అనుకోవచ్చు. జబ్బు ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎక్కడ వచ్చింది అని రాసుకుని, ఏ దారిన వచ్చిందో పట్టుకుని, ఆ దారిని మూసేయడమే ఆ శాస్త్రం. మా సారూ, మేమూ అడిగింది "ఎవరు?" అని. నర్సమ్మ అడిగింది "ఏ దారిన?" అని. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా ఏమిటో గబ్బిలాల వైరస్‌ల చరిత్ర చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదని నా అభిప్రాయం.

పందుల దొడ్డి, మామిడి చెట్టు

1998 చివర్లో మలేషియాలో పందుల పెంపకం చేసేవాళ్లకు మెదడువాపు జ్వరం మొదలైంది. అధికారులు అది దోమల వల్ల వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. చావులు ఆగలేదు. కొందరు లెక్కలు జాగ్రత్తగా చూశారు. ఆ దోమల జ్వరం ఎక్కువగా పిల్లలకు వస్తుంది, ఇక్కడ పడిపోతున్నది పెద్దవాళ్లు. టీకా వేసుకున్నవాళ్లకూ వస్తున్నది. దోమ అందరినీ కుడుతుంది, కానీ జబ్బు పందుల దగ్గర పనిచేసేవాళ్లకే వస్తున్నది. అంటే దారి దోమ కాదు, పంది. 1999 మార్చిలో చువా కా బింగ్ అనే పరిశోధకుడు కొత్త వైరస్‌ను పట్టుకున్నాడు. రోగి ఊరు సుంగై నిపా. వైరస్‌కు ఆ పేరే వచ్చింది.

మరి పందికి ఎలా వచ్చింది? దొడ్ల పక్కనే మామిడి తోటలు వేశారు. పండ్ల కోసం పెద్ద గబ్బిలాలు వచ్చాయి. అవి కొరికి పడేసిన ముక్కలు పందులు తిన్నాయి. పందుల నుంచి మనిషికి. మలేషియాలో 265 మందికి సోకి 105 మంది పోయారు. పది లక్షలకు పైగా పందులను చంపారు. గబ్బిలం అక్కడ వేల ఏళ్లుగా ఉన్నదే. కొత్తగా వచ్చింది మామిడి చెట్టు కింద పందుల దొడ్డి.

గబ్బిలానికి ఆ వైరస్ ఉన్నా జబ్బు చేయదు. ఎగిరే పాలిచ్చే జంతువు అదొక్కటే. ఎగిరేటప్పుడు దాని ఒంటి వేడి బాగా పెరుగుతుంది. దాని శరీరం వైరస్‌తో యుద్ధం చేయకుండా సర్దుకుపోవడం నేర్చుకుందని శాస్త్రజ్ఞులు అంటున్నారు. 1994లో ఆస్ట్రేలియాలో బయటపడిన హెండ్రా వైరస్, ఆఫ్రికాలోని మార్‌బర్గ్ వైరస్ గబ్బిలాలవే. 2002-03లో 774 మందిని బలి తీసుకున్న సార్స్ వైరస్ మూలం కూడా గబ్బిలాల్లోనే ఉంది. కోవిడ్ వైరస్‌కు దగ్గరి చుట్టాలు గబ్బిలాల్లో దొరికాయి గానీ, అది మనిషికి ఏ దారిన వచ్చిందో ఇంకా తేలలేదు.

ఆస్పత్రే దారి అయిన చోట

మన దేశానికి వద్దాం. 2001 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో అంతుబట్టని జ్వరం వచ్చింది. 66 మందికి వస్తే 45 మంది చనిపోయారు. అది నిపా అని ఐదేళ్లకు, 2006లో గానీ లోకానికి తెలియలేదు. మిత్రులారా, ఆ 66 మందిలో నాలుగింట మూడొంతుల మంది ఆస్పత్రి సిబ్బంది, రోగులను చూడ్డానికి వచ్చినవాళ్లు. వాళ్లు గబ్బిలాన్ని చూసి కూడా ఉండరు. వాళ్లకు జబ్బు వచ్చిన దారి ఆస్పత్రి వార్డు. చేతికి తొడుగు, ముఖానికి మాస్కు ఉండి ఉంటే ఆ ఇళ్లలో చాలామంది బతికి ఉండేవారు.

2018 మేలో కేరళలోని కోళికోడ్‌లోనూ ఇదే జరిగింది. మొదటి రోగి ఒక్కడి సంగతి వేరు. మిగతావాళ్లకు ఇంట్లోనో ఆస్పత్రిలోనో మనిషి నుంచే సోకింది. పేరాంబ్ర తాలూకా ఆస్పత్రి నర్సు లినీ పుతుస్సేరి రోగికి సేవ చేసి తానే ప్రాణం పోగొట్టుకుంది. ఆమె పోయాక అదే ఆస్పత్రి నర్సులను బస్సులో, ఆటోలో ఎక్కించుకోవడానికి జనం వెనకాడారని పత్రికల్లో వచ్చింది. సేవ చేసిన చేతులకు దక్కిన మర్యాద అది!

అక్కడ ఇంకో సంగతి జరిగింది. ఆ ఇంటి బావిలో గబ్బిలాలు దొరికితే దొంగ దొరికిందని అందరూ అనుకున్నారు. పరీక్ష చేస్తే అవి పురుగులు తినే గబ్బిలాలు. వాటిలో వైరస్ లేదు. తర్వాత ఆ చుట్టుపక్కల పండ్లు తినే పెద్ద గబ్బిలాలను పరీక్షిస్తే కొన్నింటిలో దొరికింది. కంటికి కనిపించినవాడే దొంగ అనుకునే అలవాటు మనిషికి ఎంత పాతదో చూడండి.

ఆ తర్వాత కేరళ నేర్చుకుంది. 2019, 2021, 2023, 2024, 2025ల్లో నిపా మళ్లీ వచ్చింది, కానీ 2018లా చేయి దాటలేదు. రోగి ఎవరెవరిని కలిశాడో జాబితా రాసి, వాళ్లను గడువు పెట్టి గమనించి, వార్డులో రక్షణ దుస్తులు ఇచ్చి దారి మూశారు. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి 2014 వరకు రోగుల లెక్కలు తీస్తే, సగటున ముగ్గురు రోగుల నుంచి ఒక్కరికే జబ్బు పాకింది. అంటే నిపా ఊరు ఊరంతా ఊడ్చేసే జబ్బు కాదు. సోకినవాళ్లలో సగం మందిని, కొన్ని చోట్ల ముప్పాతిక మందిని చంపగలదు, ఆమోదం పొందిన టీకా ఇంకా లేదు. కానీ దారి తెలిస్తే ఆపగలిగిన జబ్బు.

మన లొట్టి, మన జామపండు

తమ్ముళ్లకు సందేహం రావచ్చు, మన పెనుబల్లికీ దీనికీ ఏం సంబంధమని. మన దేశంలో మనుషుల్లో నిపా బయటపడింది పశ్చిమ బెంగాల్, కేరళ రాష్ట్రాల్లోనే. మన దగ్గర రాలేదు. భయపడాల్సిన పని లేదు. కానీ దారి మాత్రం మన ఊళ్లోనూ ఉంది.

బంగ్లాదేశ్‌లో చలికాలం తెల్లవారుజామున ఈత చెట్టు నుంచి తీసిన పచ్చి రసం తాగుతారు. రాత్రి కుండ దగ్గర కెమెరాలు పెట్టి చూస్తే గబ్బిలాలు వచ్చి రసం నాకుతున్నాయి, అందులోనే మూత్రం పోస్తున్నాయి. అక్కడ నిపా మనుషుల్లోకి దిగే పెద్ద దారి అదే. పరిష్కారం ఎవరు చూపించారో తెలుసా? గీత కార్మికులే. చెట్టు గీసిన చోటు నుంచి కుండ మూతి దాకా వెదురు తడిక కడితే గబ్బిలం రసాన్ని ముట్టలేకపోయింది. పెద్ద యంత్రం కాదు, ఒక తడిక!

మన దగ్గర తాటి లొట్టి ఉంది, ఈత లొట్టి ఉంది, భద్రాచలం అడవి వైపు పోతే జీలుగు కల్లు ఉంది. రాత్రి వాటి మీద ఏం వాలుతుందో మనకు తెలియదు. కల్లు తాగమనో మానమనో చెప్పడం ఈ వ్యాసం పని కాదు. లొట్టికి తడిక కట్టమనడం మాత్రం దాని పనే.

ఇంకోటి. చిలక కొరికిన జామపండు తియ్యగా ఉంటుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. హాస్టల్ పిల్లలం తోటల వెంట తిరిగి తిన్నాం కూడా. తెల్లారి చెట్టు కింద దొరికిన పండును కొరికింది చిలకో గబ్బిలమో ఎవరు చూశారు? గాటు పడిన పండు ఎంత తీపిదైనా పడేయండి. మంచి పండును కడిగి, తొక్క తీసి తినండి.

"ఏ దారిన" అనే ప్రశ్న మన ప్రాంతానికి కొత్త కాదు. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు, నేను అమ్మ ఒళ్లో ఉన్న రోజుల్లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. అది గబ్బిలాలది కాదు, చాందిపురా వైరస్. దాన్ని మోసేది శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ. అది మట్టి గోడల పగుళ్లలో ఉంటుంది. పగుళ్లున్న గోడలు ఎవరి ఇళ్లకు ఉంటాయో నేను చెప్పాలా? దారిని వెతుక్కుంటూ పోతే చాలాసార్లు పేదవాడి ఇంటి ముందే ఆగుతాం. అప్పుడు పేదవాణ్ని తిట్టకూడదు, గోడ పగులు పూడ్చాలి.

చంపితే పోతుందా?

"గొడవెందుకు, చెట్లు కొట్టేసి గబ్బిలాలను చంపేస్తే సరి" అనేవాళ్లు ఉన్నారు. ఉగాండాలో కిటాకా అనే గనిలో 2007లో కార్మికులకు మార్‌బర్గ్ సోకింది. ఆ తర్వాత గనిలోని గబ్బిలాలను పనిగట్టుకుని తుడిచిపెట్టారు. కొన్నేళ్లకు కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి. వాటిని పరీక్షిస్తే వైరస్ ఉన్నవి ముందుకంటే రెట్టింపు దాటాయి. 2012లో ఆ దగ్గరి ఊళ్లలో మళ్లీ జబ్బు లేచింది. ఆస్ట్రేలియాలో పాతికేళ్ల లెక్కలు చూస్తే, అడవి కొట్టేసి తిండి దొరకని ఏళ్లలో గబ్బిలాలు ఊళ్ల వైపు, గుర్రాల కొట్టాల వైపు వచ్చాయి. హెండ్రా అప్పుడే గుర్రాలకు పాకింది. అడవిలో పూత బాగా పూసిన చలికాలాల్లో పాకలేదు. ఆకలి, భయం పెరిగితే వైరస్ పెరుగుతుందన్నమాట.

మన అడవి అంచున ఇప్పపువ్వు ఏరుకుని బతికే కోయ కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇప్పచెట్టు పువ్వుకు పుప్పొడి చేర్చేదీ, గింజను దూరం మోసేదీ ఈ పెద్ద గబ్బిలమే. మనకు పనిచేసి పెట్టే జీవిని మనమే నీచంగా చూశాం. 1972 నాటి వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాన్ని ఎలుకతో, కాకితో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో గానీ ఆ జాబితా పోలేదు. గుర్రం జాషువా గారు 1941లో "గబ్బిలం" కావ్యం రాసినప్పుడు గుడిలోకి రానివ్వని మనిషి గోడు మోసుకుపోవడానికి గబ్బిలాన్నే ఎంచుకున్నారు. మనిషి పోలేని గర్భగుడిలోకి అది పోగలదు. ఊరు దూరం పెట్టిన మనిషికి ఊరు దూరం పెట్టిన ప్రాణే తోడు.

అంటు, అంటరానితనం

మన భాషలో అంటువ్యాధి అన్నా, అంటరానితనం అన్నా మొదట ఉన్నది ఒకటే మాట, అంటు. కానీ ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం. వైరస్ నిజంగా అంటుతుంది. కులం అంటదు. నిజమైన అంటుకు కొలత ఉంటుంది. ఎంత దూరం, ఎన్ని రోజులు, ఏ దారిన అని లెక్క చెప్పవచ్చు. అబద్ధపు అంటుకు కొలత లేదు, గడువు లేదు, మందు లేదు.

2020 లాక్‌డౌన్‌లో మా నాన్న హైదరాబాద్‌లో తాపీ పనిలో ఉన్నాడు. కొంత దూరం నడిచి, కొంత దూరం లారీ ఎక్కి ఊరు చేరాడు. ఊరి మొదట్లో ముళ్లకంప వేశారు. పద్నాలుగు రోజులు పొలంలో మంచె కింద ఉన్నాడు. అమ్మ అన్నం మూట గట్టు మీద పెట్టి వచ్చేది. దాన్ని నేను తప్పు పట్టను, ఆ రోజుల్లో అది అవసరం. నాన్న కూడా "పిల్లలకు రాకుంటే చాలు" అన్నాడు. కానీ పద్నాలుగు రోజులు అయిపోయాక కూడా కొట్టులో మా వాడవాళ్లకు సరుకులు దూరం నుంచే విసిరారు. అదే వారం పట్నం నుంచి కారులో వచ్చినవాళ్ల ఇంటి ముందు కంప వేసినవాళ్లు లేరు. మొదటి పద్నాలుగు రోజులది వైద్యం. పదిహేనో రోజు నుంచి జరిగింది వేరే.

రోగిని విడిగా ఉంచడం తప్పు కాదు. విడిగా ఉంచినప్పుడు గడువు చెప్పాలి, అన్నం పంపాలి, పేరు పెట్టి పిలవాలి, గడువు తీరాక పక్కన కూచోబెట్టుకోవాలి. ఈ నాలుగూ ఉంటే అది వైద్యం. లేకపోతే పాత రోగమే కొత్త పేరుతో వచ్చిందని అర్థం.

మనం చేయగలిగింది

ఈ హాస్టల్ నుంచి వెళ్లిన అక్కలు కొందరు నర్సులయ్యారు. అన్నలు ల్యాబ్‌లలో, ఆస్పత్రి పారిశుద్ధ్య పనుల్లో, అంబులెన్సుల మీద ఉన్నారు. సిలిగురి, కోళికోడ్ లెక్కలు చూశాక నాకు మొదట గుర్తొచ్చింది వాళ్లే. జబ్బు లేచినప్పుడు ముందు ఎదురు నిలబడేది వాళ్లు. కాబట్టి వాళ్లకు నా మనవి: గ్లౌజులు, మాస్కులు అడగడం మొహమాటం కాదు, హక్కు. కాంట్రాక్టు ఉద్యోగమైనా, ఔట్‌సోర్సింగ్ అయినా వైరస్‌కు తేడా తెలియదు. మీరు క్షేమంగా ఉంటేనే వార్డులో రోగి క్షేమంగా ఉంటాడు, మీ ఇల్లు క్షేమంగా ఉంటుంది.

హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లకు చెప్పేది చిన్న మాట. ఎవరి తువ్వాలు వాళ్లది, ఎవరి దుప్పటి వాళ్లది కావాలని అడగండి. జ్వరం వచ్చినవాడికి ఒక విడి గది అడగండి. ఆ గదిలో ఉన్న మిత్రుడికి కిటికీ దగ్గర నిలబడి రోజూ కబుర్లు చెప్పండి. బతికి ఉన్నా చచ్చినా గబ్బిలాన్ని చేత్తో ముట్టకండి. దాన్ని రాళ్లతో కొట్టకండి. మీ పక్కింట్లో గీత కార్మికుడు ఉంటే తడిక సంగతి చెప్పండి.

మీలో లెక్కలు, సైన్సు బాగా వచ్చేవాళ్లు ఈ చదువు వైపు కూడా చూడండి. బాబాసాహెబ్ మనకు చదువుకోమని చెప్పింది ఉద్యోగం కోసమే కాదు. లోకం మనల్ని "ఎవరు నువ్వు?" అని ఎన్ని వందల ఏళ్లుగా అడిగిందో మనకు తెలుసు. ఆ ప్రశ్న ఎంత బాధ పెడుతుందో తెలిసినవాడే "ఏ దారిన?" అని సరిగ్గా అడగగలడని నా నమ్మకం.

ఏడో తరగతిలో మేం చాప వేరు చేసిన పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఈ సంచిక ఎలాగో ఒకలా వాడి చేతికి చేరితే, ఒరేయ్, గజ్జి నీ వల్ల రాలేదురా, దుప్పట్లు తక్కువై వచ్చింది. మమ్మల్ని క్షమించు.

– మీ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జువాలజీ)